ముఖం సముద్రం వైపు, బతుకు ఏటి వైపు

నేటి టర్కీ పడమటి తీరంలోని ప్రాచీన గ్రీకు నగరం మిలేటస్‌లో, రంగశాల పై మెట్టు దాకా ఎక్కితే సముద్రం కనిపిస్తుందని అనుకున్నాను. దాదాపు 15,000 మంది కూర్చోగలిగిన ఆ రంగశాల ఒకప్పుడు రేవు పక్కనే ఉండేదని చదివి ఉన్నాను కాబట్టి, ఆగస్టు ఎండలో ఆయాసపడుతూ ఎక్కి పడమటికి తిరిగాను. కనుచూపు మేర పత్తిచేలు, వాటి మధ్య కాలువలు, కాలువ గట్ల మీద రెల్లు. చేల నడుమ ఒక గుట్ట. ఆ గుట్ట పేరు లాడే. క్రీ.పూ. 494లో పారశీక నౌకాదళాన్ని ఎదుర్కోవడానికి అయోనియా అనే ఈ తీరప్రాంతపు గ్రీకు నగరాలూ వాటి మిత్రులూ కలిసి 353 యుద్ధనౌకలను కూడగట్టింది అక్కడే. అప్పుడది దీవి. ఇప్పుడు దాని చుట్టూ తిరిగి రావడానికి ట్రాక్టరు చాలు.

మాది కృష్ణా డెల్టాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఏరు మేట వేస్తుందని, మొగ పూడుతుందని, నిన్నటి లంక రేపటికి ఒడ్డులో కలిసిపోతుందని చెప్పడానికి మాకు పుస్తకాలు అక్కరలేదు. కొల్లేరు వైపు బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడల్లా, ఆ సరస్సు ఒకప్పుడు సముద్రంలో భాగమని, కృష్ణా గోదావరులు రెండు వైపుల నుంచి మట్టి పోసి దాన్ని లోపల బంధించాయని పెద్దవాళ్ళు చెప్పేవారు. అందువల్ల మిలేటస్ చుట్టూ ఉన్న పత్తిచేలను చూసినప్పుడు నాకు కలిగినది ఆశ్చర్యం కాదు, ఒక రకమైన పరిచయం. ఆగ్నేయంగా కొంత దూరంలో ఉన్న బాఫా సరస్సు కూడా సరిగ్గా కొల్లేరు లాంటిదే. లాట్మోస్ అనే పాత సముద్రశాఖలో మట్టికి చిక్కి మిగిలిన ముక్క అది. ఆశ్చర్యం కలిగింది ఆ తరువాత, ఈ నగరాల గురించి పర్యాటక పుస్తకాల్లోనూ, చాలా చరిత్ర పుస్తకాల్లోనూ చెప్పే కథను మళ్ళీ తిరగేసినప్పుడు.

ఆ కథ రెండు ముక్కల్లో ఉంటుంది. మొదటి ముక్క ప్రకారం, నేటి టర్కీ పడమటి తీరంలో ఉన్న గ్రీకు నగరాలు సముద్ర వ్యాపారంతో బతికాయి, ఆ వ్యాపారం సులువు కావడానికే అక్కడ ప్రపంచంలో తొలి నాణేలు పుట్టాయి. రెండవ ముక్క ప్రకారం, నదులు రేవులను పూడ్చేశాయి, సముద్రం వెనక్కి వెళ్ళింది, నగరాలు చచ్చిపోయాయి. పుట్టుకా చావూ రెండూ సముద్రం చేతిలోనే ఉన్నట్టు వినసొంపుగా ఉండే కథ ఇది. రెండు ముక్కలూ నిలబడవని నా వాదన. ఈ నగరాలు ముఖాన్ని సముద్రం వైపు పెట్టుకున్న మాట నిజమే గాని, వాటి చేతికి నాణెం వచ్చినదీ వాటి రేవుల్లోకి మట్టి వచ్చినదీ వీపు వెనక నుంచి, అంటే లోతట్టు కొండల నుంచి, ఆ కొండల్లో పుట్టిన ఏళ్ళ నుంచి, ఆ ఏళ్ళ వెంట ఉన్న రాజ్యాల నుంచి, పొలాల నుంచి. అయోనియా అన్న మాటే మన దేశానికి వచ్చి యవన అయింది. యవనులంటే ఓడల మీద వచ్చినవాళ్ళని మనం కూడా ఊహించుకోవడానికి అలవాటు పడ్డాం కాబట్టి, ఈ సంగతి మనవాళ్ళకు చెప్పడం అవసరమని అనిపించింది.

నాణెం సంగతి ముందు చూద్దాం. తొలి నాణేలు శుద్ధమైన బంగారంతోనో వెండితోనో చేసినవి కావు. ఆ రెండూ కలిసిన ఎలెక్ట్రం అనే మిశ్రమ లోహంతో చేసినవి. అయోనియా తీరానికి వెనక, లోతట్టున, లిడియా రాజ్యం ఉండేది. దాని రాజధాని సార్డిస్. త్మోలస్ కొండల్లో పుట్టిన పాక్టోలస్ అనే చిన్న వాగు ఆ ఊరి గుండా పారి హెర్మస్ నదిలో కలుస్తుంది. ఆ వాగు ఇసుకలో బంగారు రజను దొరికేది. లోకంలో మనకు తెలిసినంతలో బంగారు, వెండి నాణేలను మొదట ముద్రించి వాడినవారు లిడియన్లేనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆ వాక్యంలోనే, చిల్లర వర్తకం మొదలుపెట్టినవారు కూడా వాళ్ళేనని చేర్చాడు. ఈ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. నేను దాని దగ్గరకు మళ్ళీ వస్తాను.

ఈ నాణేల గురించి మనకున్న అతి ముఖ్యమైన సాక్ష్యం బురదలో నుంచి వచ్చింది. ఎఫెసస్‌లోని ఆర్టెమిస్ దేవత ఆలయం ఎక్కడుందో 1869 చివరి రోజు దాకా ఎవరికీ తెలియలేదు. జాన్ వుడ్ అనే ఆంగ్లేయుడు ఏళ్ళ తరబడి వెతికి దాని నేలను మీటర్ల లోతు ఒండ్రు కింద పట్టుకున్నాడు. 1904-05లో బ్రిటిష్ మ్యూజియం తరఫున డేవిడ్ హోగార్త్ మళ్ళీ తవ్వినప్పుడు అడుగు పొరలన్నీ భూగర్భ జలం మట్టానికి కింద ఉన్నాయి. గుంటలో ఊరే నీటిని పంపులు పెట్టి తోడుకుంటూ, బురద కడుగుతూ ఏరిన వాటిలో 93 ఎలెక్ట్రం ముక్కలు దొరికాయి. అందులో 19 ఒక చిన్న మట్టికుండలో ఉన్నాయి. వాటిని వరసగా పేర్చి చూస్తే నాణెం ఎలా పుట్టిందో కళ్ళ ముందు కనబడుతుంది: కొన్ని ఏ గుర్తూ లేని లోహపు ఉండలు, కొన్నింటి మీద ఒక వైపు సుత్తిదెబ్బ గుంట మాత్రమే, కొన్నింటి మీద గీతలు, ఇంకొన్నింటి మీద నోరు తెరిచిన సింహం తల. ఆ కిందిపొరల కాలం క్రీ.పూ. 7వ శతాబ్దం. అదే శతాబ్దంలో వరద వచ్చి అక్కడి తొలి ఆలయాన్ని ముంచి ఇసుక మేట వేసిందని ఆ తరువాత ఆస్ట్రియా దేశపు పురావస్తు శాస్త్రజ్ఞుల తవ్వకాల్లో తేలింది. ఈ ఒక్క గుంటలో మన రెండు విషయాలూ, నాణెమూ మేటా, ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి.

ఇక తూకాలు చూడండి. ఆ నాణేల పెద్ద ప్రమాణం స్టేటర్. దాని బరువు సుమారు 14 గ్రాములు. సింహం తల ఉన్న నాణేల్లో ఎక్కువగా కనిపించేది అందులో మూడో వంతు, అంటే 4.7 గ్రాములు. అక్కడి నుంచి ఆరో వంతు, పన్నెండో వంతు, ఇరవైనాలుగో వంతు, అలా తొంభై ఆరో వంతు దాకా దిగుతాయి. ఆ చివరి ముక్క బరువు సుమారు 0.15 గ్రాము. మన కంసాలులు బంగారం తూచడానికి వాడిన గురిగింజ కంటే అది ఒక్క పిసరు ఎక్కువ. అంత చిన్న ముక్క మీద కూడా శ్రద్ధగా ముద్ర వేశారు, అంత చిన్న ముక్క బరువు కూడా కచ్చితంగా తూచారు.

నాణెం సముద్ర వ్యాపారం కోసం పుట్టిందని చెప్పేవారు మొదట జవాబు చెప్పవలసిన ప్రశ్న ఫినీషియన్ల గురించి. ఆ కాలంలో మధ్యధరా సముద్రాన్ని ఒక కొస నుంచి మరో కొస దాకా చుట్టినవారు టైర్, సైడన్ అనే ఫినీషియన్ నగరాల వర్తకులు. ఓడ వ్యాపారానికి నాణెం అవసరమైతే ముందు వాళ్ళకు అవసరమై ఉండాలి. వాళ్ళు సొంత నాణేలు ముద్రించడం క్రీ.పూ. 5వ శతాబ్దం మధ్యకు గాని మొదలుపెట్టలేదు. అంటే లిడియన్ల తరువాత ఒకటిన్నర శతాబ్దం గడిచాక. అప్పటిదాకా వెండిని ముక్కలుగా నరికి, తూచి, నిక్షేపంగా వ్యాపారం చేశారు. రెండో సంగతి, ఈ ఎలెక్ట్రం నాణేలు ఎక్కడ దొరుకుతున్నాయన్నది. ఎక్కువ భాగం పుట్టినచోటి చుట్టుపక్కలే, పశ్చిమ ఆసియా మైనర్‌లోనే దొరుకుతున్నాయి. ఓడలెక్కి తిరిగిన సొమ్మయితే ఓడలు వెళ్ళిన చోటల్లా రాలి ఉండాలి కదా. 1964లో కోలిన్ క్రే అనే నాణేల శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్నే పట్టుకుని, సముద్ర వ్యాపారపు సిద్ధాంతాన్ని గట్టిగా కదిలించాడు.

మూడో సంగతి నాకు అన్నిటికంటే గట్టిది. లిడియన్ సింహపు నాణేల్లో బంగారం పాలు సుమారు 55 శాతం, మిగిలిందంతా దాదాపు వెండే, కొద్దిగా రాగి. నదుల ఇసుకలో సహజంగా దొరికే బంగారంలో వెండి పాలు సాధారణంగా ఇంతకంటే చాలా తక్కువ. అంటే టంకశాలలో కావాలనే వెండి కలిపారు, కలిపి దాన్ని నిలకడగా ఒకే పాళ్ళలో ఉంచారు. అలాంటి నాణేన్ని రాజ్యం లోపల రాజు మాట మీద పూర్తి విలువకు తీసుకుంటారు; ఎల్ల దాటిన వర్తకుడు గీటురాయి మీద గీచి, వన్నె చూసి, విలువ తగ్గించి తీసుకుంటాడు. గీటురాయికి గ్రీకులు పెట్టుకున్న పేరు లిడియా రాయి. ఆ మేలైన రాళ్ళు కూడా త్మోలస్ ప్రాంతపు ఏటిలోనే దొరికేవని గ్రీకు తత్వవేత్త థియొఫ్రాస్టస్ రాశాడు. నాణెం పుట్టిన కొండ దగ్గరే నాణేన్ని అనుమానించే సాధనం కూడా పుట్టడం నాకు భలే ముచ్చట కలిగిస్తుంది. ఇంటి దగ్గర ఎక్కువ, బయట తక్కువ పలికే వస్తువు ఎగుమతి వ్యాపారం కోసం తయారైందని అనడం తర్కానికి అందదు.

మరి దేనికోసం తయారైంది? రాజు చెల్లింపుల కోసమని, ముఖ్యంగా కిరాయి సైనికుల జీతాల కోసమని 1958లో రాబర్ట్ కుక్ ఒక ఊహ చేశాడు. అందుకు దగ్గరగా వచ్చే సాక్ష్యం కవిత్వంలో ఉంది. లెస్బోస్ ద్వీపానికి చెందిన ఆల్కేయస్ అనే కవి, సుమారు క్రీ.పూ. 600 ప్రాంతంలో, తమ కష్టాలు చూసి లిడియన్లు రెండు వేల స్టేటర్లు ఇచ్చారని, తాము నగరంలోకి తిరిగి ప్రవేశించడానికి అవి ఇచ్చారని ఒక పద్యంలో చెప్పుకున్నాడు. అవి ముద్రవేసిన నాణేలా, తూచిన లోహమా అని పండితులు వాదించుకోవచ్చు. ఏదైనా సరే, లోతట్టు రాజు తీరప్రాంతపు ముఠాకు రాజకీయం కోసం ముట్టజెప్పిన సొమ్ము అది, సరుకు వెల కాదు. ఎలెక్ట్రం మొదట కదిలిన దిక్కు ఇదేనని నా నమ్మకం: సార్డిస్ నుంచి తీరానికి, కోట నుంచి సైనికుడికి, భక్తుడి చేతి నుంచి ఆలయానికి.

అయితే కుక్ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. గురిగింజంత నాణేన్ని సైనికుడి జీతంగా ఎవరూ ఇవ్వరు. ఆ చిన్న ముక్కలు ఉన్నాయంటే సైనికుడి చేతిలోని పెద్ద ముక్కను మార్చుకునే అంగడి ఒకటి ఉండి ఉండాలి. హెరొడోటస్ వాక్యంలో వదిలేసే రెండో సగం ఇక్కడ పనికొస్తుంది: నాణేన్నీ చిల్లర వర్తకాన్నీ ఆయన ఒకే ఊపిరిలో చెప్పాడు, ఓడ వ్యాపారాన్ని కాదు. తరువాతి శతాబ్దంలో కొలొఫోన్ లాంటి అయోనియా నగరాలు గింజంత వెండి నాణేలను వందల కొద్దీ ముద్రించిన తీరు కూడా అంగడినే చూపిస్తుంది. ఆ పైన రాజు పన్ను రూపంలో తన ముద్రను తిరిగి పుచ్చుకుంటే చక్రం పూర్తవుతుంది. ఇందులో సముద్రం ఎక్కడా లేదు.

నాణేల మీది బొమ్మలను చూపించి, అదిగో సముద్రం అనేవారున్నారు. సిజికస్ నాణెం మీద ట్యూనా చేప, ఏజీనా మీద తాబేలు, ఫోకేయా మీద సీల్ అనే సముద్ర జంతువు. కాని సీల్‌ను గ్రీకులో ఫోకే అంటారు. ఫోకేయా నగరం తన పేరుతో శ్లేష చేసిందే గాని సీళ్ళ వ్యాపారం ప్రకటించలేదు. వరాహం బొమ్మ వల్ల వరహాకు ఆ పేరు వచ్చింది, అంతమాత్రాన విజయనగరం పందుల వ్యాపారం చేసిందని మనం అనుకోం కదా. మన దగ్గర ఇదే పొరపాటు శాతవాహనుల ఓడ బొమ్మ నాణేల విషయంలో జరుగుతుంది. రెండు తెరచాపకొయ్యల ఓడ ఉన్న ఆ నాణేలు సీసపువి, తక్కువ విలువవి, తూర్పు తీరంలో చేతులు మారినవి. ఓడ బొమ్మ ఉన్న నాణేలే తప్ప ఓడ ఎక్కిన నాణేలు కావు. అయోనియా నాణేల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన దాని మీద మేత మేసే దుప్పి బొమ్మ, దాని పైన అక్షరాలు ఉంటాయి: నేను ఫానేస్ గుర్తును. ఫానేస్ ఎవరో తేలలేదు. రాజో, వడ్డీ వ్యాపారో, ఆలయ అధికారో గాని, ఆ లోహానికి పూచీ పడిన మనిషి తన పేరు చెప్పుకున్నాడు.

పూచీ అన్నదే ఈ లోహం మొత్తం కథకు కీలకం. ఎలెక్ట్రంలో బంగారం ఎంతో కంటికి తెలియదు కాబట్టి, దాన్ని నమ్మించడానికి చట్టం కావలసి వచ్చింది. ఫోకేయా, మిటిలీనీ నగరాలు వంతులవారీగా ఎలెక్ట్రం ముద్రించడానికి చేసుకున్న ఒప్పందం రాతి మీద మిగిలి ఉంది. లోహాన్ని కావాలని పలచన చేసినట్టు రుజువైతే శిక్ష మరణం. ఏ నగరం ముందు ముద్రించాలో చీటీ వేసి తేల్చుకున్నారు. చీటీ మిటిలీనీకి వచ్చింది. అప్పటికే లిడియా రాజు క్రీసస్ ఈ చిక్కును మరో దారిలో విప్పి ఉన్నాడు. క్రీ.పూ. 6వ శతాబ్దం మధ్యలో సార్డిస్ వాగు పక్కన ఎలెక్ట్రం రజనును ఉప్పుతో కలిపి రోజుల తరబడి కాల్చి, వెండిని విడదీసి, శుద్ధ బంగారం ఒక నాణెంగా, వెండి మరో నాణెంగా ముద్రించారు. ఆ కొలుములను 1960లలో తవ్వి తీశారు. పాక్టోలస్ మాత్రం బంగారాన్ని ఎల్లకాలం ఇస్తూ పోలేదు. క్రీస్తు కాలం నాటి భూగోళ రచయిత స్ట్రాబో, క్రీసస్ సంపదకు కారణమైన ఆ రజను తన కాలానికి అయిపోయిందని రాశాడు.

బంగారం అయిపోయింది, మట్టి అయిపోలేదు. అదే కొండల నుంచి, అలాంటి ఏళ్ళ వెంటే అది వస్తూ ఉంది. ఇప్పుడు రెండో ముక్కకు వద్దాం.

నది సముద్రాన్ని పూడుస్తుందని గ్రీకులకు తెలియక మోసపోయారన్న మాట పచ్చి అబద్ధం. నైలు డెల్టా గురించి రాస్తూ హెరొడోటస్, ఎఫెసస్ పరిసరాలూ, మిలేటస్ పక్కన పారే మియాండర్ నది మైదానమూ కూడా ఇలాగే ఏటి మట్టితో ఏర్పడ్డాయని క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే చెప్పాడు. వంకర తిరిగే నదులకు ప్రపంచమంతా వాడే మియాండర్ అన్న పేరు ఈ నదిదే. అది వంపులు మార్చుకుంటూ ఒకరి పొలం కోసి మరొకరి ఒడ్డుకు చేర్చేది కాబట్టి, భూమి పోగొట్టుకున్నవారు నది మీద దావా వేసేవారని, నది ఓడిపోతే దాని జరిమానాను రేవు దాటించే పడవల రుసుము నుంచి చెల్లించేవారని స్ట్రాబో రాశాడు. ఏటికోతకు నష్టపరిహారం కోసం కచేరీల చుట్టూ తిరిగిన మా లంక రైతులు ఈ పద్ధతిని వింటే సంతోషించేవారు.

ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు ప్రశ్న. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ దానికి జవాబు చెప్పాడు, ఆ జవాబు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. గ్రీసులోని అకెలోయస్ నది తన ఎదుటి దీవులను ఒడ్డుతో కలపలేకపోవడానికి కారణం ఎటోలియా ప్రాంతం సాగులో లేకపోవడమని, మియాండర్ మాత్రం ఏటా దున్నే ఫ్రీజియా, కేరియా నేలల గుండా పారుతుంది కాబట్టి ప్రియేనే, మిలేటస్‌ల మధ్య ఉన్న సముద్రాన్ని కొద్దికాలంలోనే నేలగా మార్చిందని ఆయన రాశాడు. నాగలి వల్ల మట్టి కదులుతుంది, కదిలిన మట్టి ఏటిలో పడుతుంది, ఏరు దాన్ని రేవులో పోస్తుంది. హెల్ముట్ బ్రూక్నర్ తదితరులు మియాండర్ మైదానంలో గొట్టాలు దించి మట్టిపొరలు పైకి తీసి, ఉప్పునీటి గవ్వలు ఎక్కడ ఆగి మంచినీటి గవ్వలు ఎక్కడ మొదలయ్యాయో చూసి తీరం ఎప్పుడు ఎక్కడుందో లెక్కకట్టారు. మిలేటస్ నిలిచిన చోటు మొదట విడివిడి దీవులని కూడా వాళ్ళ పనివల్లే తెలిసింది. అడవి నరికి పొలం చేసిన కాలాల్లో మేట జోరు పెరిగిందన్న వాళ్ళ నిర్ధారణకూ పౌసానియస్ మాటకూ పెద్ద తేడా లేదు. కాబట్టి రేవును పూడ్చింది ప్రకృతి అనడం సగం నిజం. మిలేటస్‌కు పైన, ఏటి పొడుగునా ఉన్న ఊళ్ళు తిన్న రొట్టె ముక్కే మిలేటస్ రేవులో మట్టిగా తేలింది.

ఇక్కడ నేను ఒక ఊరి దగ్గర ఆగాలి. మ్యూస్ అనే ఆ ఊరి పేరు విన్నవారు తక్కువ. క్రీ.పూ. 499లో నాక్సోస్ ద్వీపం మీద దాడి చేసి తిరిగొచ్చిన నౌకాదళం లంగరు వేసింది అక్కడే. ఆ దండయాత్రకు బయలుదేరిన నౌకలు 200 అని హెరొడోటస్ లెక్క. అంటే ఒక పెద్ద దళం ఆగేంత లోతైన రేవు. లాడే యుద్ధానికి మిలేటస్ 80 నౌకలు, ప్రియేనే 12 తెస్తే, మ్యూస్ 3 తెచ్చింది. తరువాత, ఏథెన్స్ నుంచి వెలివేయబడిన థెమిస్టోక్లిస్‌కు పారశీక రాజు మూడు ఊళ్ళు ఇచ్చాడు: రొట్టెకు మెగ్నీషియా, ద్రాక్షసారాయికి లాంప్సకస్, అందులో నంజుకోవడానికి మ్యూస్. చేపలు బాగా దొరికే చోటు కాబట్టే నంజుడు దాని వంతుకు వచ్చిందని నేను అనుకుంటాను. క్రీ.పూ. 201లో మాసిడోన్ రాజు ఐదవ ఫిలిప్ తన సైన్యానికి తిండి లేక అలమటిస్తుంటే మెగ్నీషియావాళ్ళు, గోధుమలు లేవని, అత్తిపళ్ళు పంపారు. ఆ అత్తిపళ్ళకు బదులుగా అతడు మ్యూస్‌ను వాళ్ళకు రాసిచ్చాడని గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ చెప్పాడు. స్ట్రాబో నాటికి అక్కడికి చేరాలంటే చిన్న పడవ మీద ఏటికి ఎదురు 30 స్టేడియాలు, అంటే ఐదారు కిలోమీటర్లు వెళ్ళాలి. పౌసానియస్ నాటికి ఊరే లేదు. సముద్రశాఖ మూసుకుపోయి మంచినీటి మడుగు అయిందని, అందులో దోమలు విపరీతంగా పుట్టి జనం ఊరు విడిచి, దేవుళ్ళ విగ్రహాలతో సహా మిలేటస్ వెళ్ళిపోయారని రాశాడు. గుడి రాళ్ళు కూడా తరువాత మిలేటస్ చేరాయి.

మేటకు బలైన ఊరంటే ఇదేనని నేను ఒప్పుకుంటాను. అయినా వరస చూడండి. ఆ ఊరు దోమల కంటే ముందే రాజుల చేతుల్లో నంజుడయింది, అత్తిపళ్ళ వెల అయింది. మూడు నౌకల ఊరికి రేవు తవ్వించుకునే స్తోమత లేదు. స్తోమత ఉన్న ఊరు అదే మట్టితో ఏం చేసిందో ఎఫెసస్ చూపిస్తుంది.

ఎఫెసస్ పాత ఊరు ఆర్టెమిస్ ఆలయం చుట్టూ ఉండేది. క్రీ.పూ. 3వ శతాబ్దం ఆరంభంలో లైసిమాకస్ రాజు దాన్ని కొత్త రేవు దగ్గరకు మార్చబూనితే జనం కదలలేదు. పెద్ద వాన పడే దాకా ఆగి, మురుగు తూములు మూయించి, ఊరిని ముంచి మరీ వాళ్ళను తరలించాడు. తరువాత పెర్గమన్ రాజు అట్టాలస్ కాలంలో, రేవు మొగను ఇరుకు చేస్తే లోతు పెరుగుతుందని ఒక గట్టు కట్టించారు. ఫలితం తలకిందులైంది. గట్టు లోపల మట్టి కదలకుండా పేరుకుని రేవు మొత్తం లోతు తగ్గిందని స్ట్రాబో రాశాడు. మన వైపు మొగల దగ్గర గట్లు వేసే ఇంజనీర్లు ఈ పేరాను గోడకు అంటించుకోవచ్చు. నీరో కాలంలో బారియా సొరానస్ అనే రోమన్ అధికారి రేవును తెరిపించాడు. క్రీ.శ. 129లో హేడ్రియన్ చక్రవర్తి ఆ రేవులో మట్టి పోసే కేస్టర్ నదినే పక్కకు మళ్ళించాడు. ఆ శతాబ్దం మధ్యలోనే, రేవు గట్టు మీద కలప దించవద్దని, చలువరాళ్ళు కోసే పొడి నీళ్ళలో పారబోయవద్దని ఒక గవర్నరు ఉత్తర్వు చెక్కించాడు. ఇది ఓడిపోతున్న ఊరి గోడు కాదు. ఒడ్డు జరుగుతుందని తెలిసి, ప్రతి తరమూ ఖర్చు రాసుకుని, శతాబ్దాల పాటు రేవును నిలుపుకున్న ఊరి దైనందిన పద్దు. ఆ ఖర్చు పెట్టే పాలన కుంగిన తరువాతే మట్టికి పైచేయి దొరికింది.

ఇది నా పక్షపాతం అనేవారికి ఇజ్మీర్ సంగతి చెప్పాలి. ప్రాచీన స్మిర్నా అదే. పాక్టోలస్ కలిసే హెర్మస్ నదిని ఇప్పుడు గెదిజ్ అంటారు; 19వ శతాబ్దంలో దాని మేట ఇజ్మీర్ అఖాతం నోటిని మూసేసే దాకా వచ్చింది. 1886లో ఒట్టోమన్ ప్రభుత్వం నదిని ఉత్తరానికి మళ్ళించింది. ఇజ్మీర్ ఈనాటికీ టర్కీలోని పెద్ద రేవుల్లో ఒకటి. అదే కొండల మట్టి, అదే సముద్రం. తేడా అంతా ఆ సమయానికి ఆ ఊరిని కాపాడుకోవాలనే అవసరమూ చేవా ఉన్న ప్రభుత్వం ఉండడంలోనే.

పోనీ, మేట మీద పడ్డాక మిలేటస్, ఎఫెసస్ అంతటితో చచ్చిపోయాయా అంటే అదీ లేదు. మధ్యయుగంలో మిలేటస్ పేరు పలాటియా, తరువాత బలాత్. మెంతెషె వంశపు తురుష్క ఎమీర్ల పాలనలో వెనిస్ వర్తకులు ఏటి దారిన అక్కడికి వచ్చేవారు. శిథిలాల నడుమ ఇప్పటికీ నిలిచి ఉన్న ఇలియాస్ బే మసీదు కట్టింది 1404లో. నేను రంగశాల దిగి వచ్చి నీడ కోసం కూర్చున్నది దాని గోడ పక్కనే. ఎఫెసస్ జనం క్రమంగా రేవును విడిచి, ఆర్టెమిస్ ఆలయం పక్కనే ఉన్న అయసులుక్ కొండ మీదికి చేరారు. సెయింట్ జాన్ పేరు మీద గ్రీకులు ఆ ఊరిని థియొలొగోస్ అన్నారు, ఇటలీ వర్తకులు అల్తొలుఒగో అన్నారు. 14వ శతాబ్దంలో అది ఐదీన్ ఎమీర్ల పట్టణం, ఇటలీవాళ్ళు ధాన్యం కొనుక్కునే రేవు.

సముద్ర వ్యాపారం కోసమే ముద్రించిన నాణెం కావాలంటే అక్కడ దొరుకుతుంది. ఐదీన్ ఎమీర్ల టంకశాల నేపుల్స్ రాజ్యపు వెండి నాణేన్ని అచ్చంగా అనుకరించి, ఒక వైపు సింహాసనం మీద క్రైస్తవ రాజు, రెండో వైపు శిలువ, అంచు చుట్టూ లాటిన్ అక్షరాల్లో థియొలొగోస్‌లో తయారైన నాణెమని చెక్కి ముద్రించింది. ముస్లిం ఎమీరు, టర్కీ మాట్లాడే పట్టణం, లాటిన్ రాత, క్రైస్తవ శిలువ: ఓడ దిగే కొనుగోలుదారు తూచి చూడకుండా తీసుకోవడానికి ఏం చెక్కాలో అదే చెక్కారు. అప్పటికి ఒడ్డు ఆ కొండను విడిచి పడమటికి చాలా దూరం జరిగిపోయింది. కొండ దిగువన, ఒండ్రు కింద, 19 ఎలెక్ట్రం ముక్కలున్న మట్టికుండ ఇంకా నీళ్ళలోనే ఉంది.